పన్నెండు వోల్టులు

గుణుపురంలో తెల్లవారుజాము నాలుగున్నరకి ఫోను.
"డాక్టరమ్మా, గేదె పడుకుండిపోయింది,
గిట్టలు కనిపిస్తన్నాయి, దూడ రావట్లేదు."
గౌరీసు గొంతు. కొండవార ఊరు.
సంచీ భుజానేసుకుని మెట్లు దిగితే
కారు పలకలేదు.

బటను నొక్కాను. మళ్ళీ నొక్కాను.
రోజూ చెవులు రిక్కించినట్టు అద్దాలు విప్పేది,
ఇవాళ కన్ను తెరవలేదు.
పదిరోజులు బరంపురం ట్రైనింగులో నేనుంటే
ఇక్కడ ముందద్దం మీది కెమెరా
రాత్రీ పగలూ ఖాళీ వీధిని కాపలా కాస్తూ
చిన్న బ్యాటరీని చప్పరించేసింది.

పెద్ద బ్యాటరీలో నూటికి డెబ్బై ఎనిమిది.
పార్వతీపురం రెండుసార్లు వెళ్ళి రావచ్చు.
గాదె నిండా ధాన్యం,
గడియ తీసే మనిషే లేడు.

హేండిలు పక్క మూత గోటితో ఊడదీసి
ఇనుప తాళంచెవితో తలుపు తిప్పి
బానెట్ ఎత్తాను.
ఓ మూల, టిఫిను డబ్బా అంత, చల్లగా.
ముక్కు తడి ఆరిన పశువుని ముట్టుకున్నట్టు
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సంతకి ఎండుచేపలు వేసుకుపోతూ ఆగాడు దండాసి.
నెల్లాళ్ళ కిందట అతని ఆటో పొగకి
నడివీధిలో ముక్కు మూసుకుని చీవాట్లు పెట్టినదాన్ని.
ఆ సంగతి ఎత్తలేదు.
సీటెత్తి బ్యాటరీ చూపించి
"పన్నెండే కదండీ, మీదీ నాదీ" అన్నాడు.

ఎరుపు ముందు. నలుపు ఆఖర్న, వట్టి ఇనుముకి.
అతనికి కంఠతా వచ్చింది,
నేనింకా టార్చి వెలుగులో పుస్తకం తిరగేస్తున్నాను.
ఎండుచేపల వాసన. ఆటో దగ్గు.
ఒక నిమిషం. ఇంకో నిమిషం.

లోపలెక్కడో టక్ మంది.
ఊపిరందని దూడ నోట్లో జిగురు తీసి
గడ్డిపరక ముక్కులో పెట్టి తిప్పితే వస్తుందే,
ఆ మొదటి తుమ్ములా.

డబ్బులు వద్దన్నాడు.
మేక చెవి కుళ్ళిందట, ఆదివారం వచ్చి చూడమన్నాడు.

నేను వెళ్ళేసరికి దూడ నిలబడే ఉంది,
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి వణుకుతూ.
"మా అత్త గోనెసంచి సుట్టి లాగీసింది" అన్నాడు గౌరీసు,
తప్పు చేసినట్టు.
మాయ ఇంకా పడలేదు. కూర్చున్నాను.

ఆపితే మళ్ళీ లేవదేమోనని
కారు ఆపకుండా వదిలేశాను కళ్ళం అంచున.
అది ఆగిందో నడుస్తోందో ఎవరికి తెలుస్తుంది?
పిల్లలు చుట్టూ మూగారు.
ఒకడు నా మెడలోంచి స్టెత్ లాక్కుపోయి
బానెట్ మీద అక్కడా ఇక్కడా ఆన్చి
చాలాసేపు విన్నాడు.
తరవాత వేలెత్తి అందరినీ ఊరుకోమని
"ఉన్నాదర్రా" అన్నాడు,
"సన్నగా."