రెండో కణుపు

అల్లూరులో నా స్టూడియోకి గోడలు మూడే.
నాలుగో వైపు నీలం తెర.
దాని ముందు కూర్చున్న ప్రతివాళ్లకీ
గడ్డం కొంచెం పైకెత్తమని చెప్పి చెప్పి
ఆదివారాలు మనుషుల్లేని చోటికి పోతాను.

చోటు ఒకటే. ఇసకపల్లి రేవు,
ఉప్పుటేరు వంపులో ఎవరో పాతిన వెదురు గుంజ.
పదకొండేళ్లుగా దాన్నే తీస్తున్నాను.

రోహిణి కార్తెలో వేట నిషేధం.
ఒడ్డెక్కిన పడవల దగ్గర తారు వాసన.
ఉప్పు కుప్పల తెలుపు మీటరుని మోసం చేస్తుంది,
వెలుగు ఒకటిన్నర స్టాపు పెంచకపోతే
ఉప్పు బూడిదై వస్తుంది.

స్వాతిలో ఆకాశం బో కిందికి దిగుతుంది.
కృష్ణపట్నంలో మూడో నంబరు జెండా ఎగరేశారని
టీ బంకులో అనుకుంటున్న రోజు
లెన్సుకి ప్లాస్టిక్ కవరు కట్టి
గుంజ వణకడం తీశాను.
ఫోటోలో వణుకు రాలేదు.
ఏమీ ఎరగనట్టు నిటారుగా నిలబడి ఉంది.

పుష్యమాసంలో
చెరువుకట్ట మీద వచ్చేటప్పుడే కళ్లజోడు తుడుచుకోవాలి.
నీళ్లకీ గాలికీ మధ్య గీత ఉండదు,
గుంజ ఒక్కటే గీత.

ఎవరైనా అడ్డం వస్తే
దాటిపోయేదాకా బీడీ కాల్చేవాణ్ణి.
దాటకపోతే, రాత్రి కంప్యూటర్లో
పక్కనున్న నీళ్లు తెచ్చి మనిషి మీద పోసేవాణ్ణి.
అతుకు కనపడదు. ఆ పనిలో నాకు పేరుంది:
పెళ్లి ఆల్బముల్లో
పోయిన తాతల్ని పీటల పక్కన కూర్చోబెట్టింది నేనే.

మొన్న శ్రావణంలో
పింఛను కాగితాలకి రెండు ఫోటోలు కావాలని
నాగూరమ్మ వచ్చింది.
గోడ మీది వరసంతా చూసి
"మా గుంజ" అంది.

తర్వాత చూపుడువేలితో, అద్దం తాకకుండా,
"ఇది పొద్దు పొడిచినాక. నీడ పడమరకుండాది.
మూడో కణుపు మునిగింది, అమాస ఎళ్లి రెండో రోజు.
ఇది అష్టమి. పోటూ లేదు, పాటూ లేదు.
ఇది... వానొచ్చి ఏటి నీళ్లు కలిసినాయి, తిథి తెల్దు."

ఫ్రేముల వెనక రాసుకున్న తేదీలు
పాత పంచాంగాలతో సరిచూశాను.
ఒకటి తప్పింది.
తప్పు ఆమెది కాదు. బ్యాటరీ మార్చినప్పుడు
కెమెరా గడియారం ఎటో పోయిందని
అప్పుడు గుర్తొచ్చింది.

పెద్ద ఫ్రేము దగ్గర ఆగింది.
జిల్లా పోటీలో బహుమతి వచ్చింది దానికి.
"నిశ్శబ్దం" అని పేరు పెట్టుకున్నాను.

"ఆ పొద్దు మాయన ఈడ వల ఇదిలిస్తా ఉన్నాడే.
ఒడ్డున బుట్ట పట్టుకోని నేనుండా.
నువ్వేమో బీడీ కాల్చుకుంటా నిలబడ్డావు.
ఏడీ?"

నేను లైట్లు సర్దాను.
గడ్డం కొంచెం పైకెత్తమన్నాను.

ఆ రాత్రి షట్టరు దించి
పాత డిస్కులన్నీ ఒక్కొక్కటే తగిలించాను.
మొదటి రెండింటిలో పెళ్లిళ్లు, సమర్తలు,
ఒక ఎలక్షన్ ఊరేగింపు.
మూడోది చాలాసేపు గరగరమని
తెరుచుకుంది.

కుడి అంచున, తల ఫ్రేములో పడని మనిషి.
పైకి దోపిన లుంగీ,
వీపు మీద ఆరిన ఉప్పు చార,
చేతిలోంచి సగం జారిన వల.
కూర్పు పూర్తిగా చెడింది.
అలాగే ప్రింటు తీశాను.

నాగూరమ్మ దాన్ని గుండెలకి హత్తుకోలేదు.
మెట్టు దిగి ఎండలోకి పట్టుకుపోయి
గుంజనీ ఆ కాళ్లనీ
మార్చి మార్చి చూసింది.

"మోకాటికుండాయి నీళ్లు. రెండో కణుపు.
మాయనే."

మళ్లీ లోపలికొచ్చి బల్ల మీద పెట్టింది.
"తడి తగలకుండా
పైన ఏదన్నా అంటించియ్యి."