ఆటుపోటు గీత

పడవ అని పేరు మా ఊరికి. వూచ్.
ఒక్క నదీ కనిపించదు.
మిల్లులు లేచిన కాలంలో వాగుల్ని గొట్టాల్లోకి తోసి
పైన వీధులు పరిచారు.
ఎముకా అంతే,
కొత్తగా చేరిన కుర్రాడు టిమోటెయుష్‌కి మొదటిరోజే చెప్పాను:
పైకి రాయి. లోపల పారేది చూడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ బల్ల ముందు
ఎవరెవరి ఎముకల్నో పలచగా కోస్తున్నాను.
ఈసారి సీసా మీది చీటీలో నా పేరు:
హల్ష్కా, ఎడమ మోకాలు.
ఆరు వారాలు నేను కర్రతో నడక నేర్చుకున్నాను,
ఆ ఆరు వారాలూ అది ద్రావణంలో సున్నం వదులుకుంది.
తడిసిన అట్టముక్కలా వంగుతోంది ఇప్పుడు.
ఇంకొకరికి ఇచ్చెయ్యమంది డాక్టరమ్మ.
కీలెరిగి వాత పెట్టాలంటారు కదా,
ఈ కీలు నాకన్నా ఎరిగినవాళ్ళెవరు?

మైనం. మంచు పలక. బ్లేడు.
ఐదు మైక్రాన్ల నేను
గోరువెచ్చటి నీళ్ళ మీద ముడతలు విప్పుకుంటూ తేలాను.
ఊపిరి తగలకుండా తల పక్కకి తిప్పుకున్నాను.
ఎవరిదైనా అలాగే తిప్పుకుంటాను.

రంగు వేస్తే ఎముక ఆకుపచ్చ,
మృదులాస్థి దానిమ్మ గింజ ఎరుపు కావాలి.
నాది అంచున వెలిసిపోయింది.
పైపొర పీచులు లేచి,
మగ్గం మీద తెగి వేలాడే పోగులు.

అమ్మ లెయోకాద్యా ఇరవై ఆరేళ్ళు
నాలుగు మగ్గాల మధ్య నడిచింది.
రాత్రిళ్ళు క్యాబేజీ ఆకుల్ని అప్పడాల కర్రతో నలిపి
మోకాళ్ళకు కట్టుకునేది.
ఆ వాసన నాకు ఇప్పటికీ నొప్పి వాసనే.

రక్తం రాని ఊరు మృదులాస్థి.
నరం లేదు, కబురు లేదు.
చిన్న చిన్న గదుల్లో కణాలు,
ఒకచోట ఇద్దరు, ఒకచోట నలుగురు,
ఒకే కడుపున పుట్టి
విడిపోవడానికి చోటు లేక ఉండిపోయినవాళ్ళు.
మేము ఐదుగురం ఒకే గదిలో పెరిగాం, నాకు తెలుసు.
పైన ఊరంతా అరిగిపోతుంటే
వీళ్ళు ఇప్పుడు పదేసి మందిగా గుమిగూడారు,
ఆలస్యంగా, ఏదో నేద్దామని.

టిమోటెయుష్ పాఠాల పెట్టెలోంచి పాత స్లైడు తెచ్చాడు.
పుట్టకుండానే ఆగిపోయిన ఒకరి చిటికెన వేలు.
పేరు లేదు, ఏడు లేదు.
కీలు ఏదని అడిగాడు.
ఇంకా లేదురా.
మొదట అంతా ఒకటే కడ్డీ.
నడుమ కొన్ని కణాలు చదునుగా పడుకుని
మేము ఎముక కాబోమని మొండికేస్తాయి.
అక్కడే సన్నటి చీలిక.
అయినా చాలదు.
లోపల బిడ్డ కదలాలి.
కదలకపోతే ఆ సందు మళ్ళీ పూడుకుపోతుంది.

చెబుతూ చెబుతూ ఆగిపోయాను.

మగ్గాల మోతలో ఏదీ వినిపించేది కాదనీ,
నేను తన్నినప్పుడు మాత్రం
చేతిలో నాడె ఆపి నిలబడేదాన్ననీ అమ్మ చెప్పేది.
ఆ తన్నులకే ఇది తెరుచుకుంది.
ఈ స్లైడులో, ఈ రెండు అంచుల మధ్య, ఈ ఖాళీ.

ఎరుపుకీ పచ్చకీ నడుమ ఒక నీలి గీత ఉంటుంది,
ఆటుపోటు గీత అంటాం.
సున్నం అక్కడిదాకా వచ్చి ఆగుతుంది.
నాకు రెండున్నాయి.
సముద్రం లేని ఊళ్ళో
ఒకసారి ఆగి, కొంచెం ముందుకొచ్చి, మళ్ళీ ఆగిన పోటు.
"రాయాలా?" అన్నాడు కుర్రాడు.
రాయి. ఉన్నది ఉన్నట్టు.

ఒక ప్లంబరు తుంటికీ ఎవరో పాప బొటనవేలికీ మధ్య
ట్రేలో నన్ను సర్దేసి లేచాను.
కొత్త కీలు టక్కుమంది.
దీనిలో కోసి చూడటానికేమీ లేదు.