కాల్‌షీట్‌లో ఎంతమంది?

ఆరో డ్రాఫ్టు.
మేరీపోర్ట్ రేవు పక్కన లాడ్జి గది,
హీటరు మీద ఆరుతున్న మేజోళ్లు,
మంచం మీద నవల,
పసుపు చీటీలు పొడుచుకొచ్చి ముళ్లపందిలా.
అట్ట మీద మూడు బహుమతుల బంగారు బిళ్లలు.
చెడితే చెడేది నా పేరే కనుక
నన్ను పెట్టుకున్నారు.

కథ ఎంతని?
ఉప్పుగాలి ఊళ్లో అక్కచెల్లెళ్లు,
పీతల బుట్టలు అల్లే తండ్రి,
ఒక చలికాలం.
మిగిలిన మూడు వందల పేజీలూ వాతావరణమే.
మొదటి మాట ‘వుయ్’.
ఆఖరి వాక్యమూ దానితోనే మొదలు.
నడుమ, నూట నలభయ్యో పేజీ దాటాక,
ఒక పిల్ల ఉండదు.
మునిగిందని ఎవరూ చెప్పరు.
ఒక పూట రొట్టె నాలుగు ముక్కలు కోస్తారు,
ఇంకో పూట మూడు.
మాట్లాడేది వెన్న గురించి.
అక్కడ పుస్తకం మూసి
చేతులు కడుక్కొచ్చాను, ఎందుకో.

పొద్దున్నే డెనీస్ ఫోను:
“చివరి సీనుకి అమ్మాయిలు ముగ్గురా, నలుగురా?
నాలుగో పిల్లకి కార్లైల్‌కి కారు పంపాలి,
చలికోటు, భోజనం, పాఠాలు చెప్పే మనిషి.
సాయంత్రంలోగా తేల్చు.”

న్యాయమైన ప్రశ్నే.
వాక్యం భోజనం అడగదు,
వాక్యానికి చలి వేయదు.
కెమెరా జనాభా లెక్కలకొచ్చిన మనిషి,
గడపలో నిలబడి
తలలు చూపించమంటుంది.

ఏం చేయలేదని?
రెండో డ్రాఫ్టులో వెనకనుంచి గొంతు వినిపించాను,
రేడియో నాటకం అన్నారు.
మూడోదాంట్లో పొగమంచు.
పొగమంచుకి గంటకింతని అద్దె.
నాలుగోదాంట్లో ఖాళీ కుర్చీ.
దర్శకుడు ఫెర్గస్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ
“దాని మీద లైటు పడ్డాక
అందులో కూర్చున్నది నువ్వే” అన్నాడు.
ఐదోదాని సంగతి చెప్పను.

రాసినావిడ ఈ ఊళ్లోనే, ఎత్తు మీద ఇల్లు.
విన్‌ఫ్రెడ్ ఆస్క్యూ, ఎనభై మూడేళ్లు.
వెళ్లేసరికి కుక్కకి చిక్కులు దువ్వుతోంది.
అడిగాను, చివర్లో ఎందరని.
“నేను లెక్కపెట్టలేదు. నువ్వు పెట్టావా?”
అని దువ్వెన నా చేతికిచ్చి
రెండో చెవి పట్టుకుంది.

మెట్లు దిగుతూ ఆ ఆఖరి వాక్యాన్ని
తెలుగులో అనుకుని చూశాను.
చిక్కుపడ్డదేదైనా ఇంటిభాషలోకి తెచ్చి
దులపడం నా అలవాటు.
పోటు దిగేదాకా మేము అక్కడే...
నాలుక ఆగింది.
మేము అంటే, ఆ పిల్లతోనే,
నువ్వు లేవు అని చెప్పినట్టు.
మనం అంటే
నువ్వూ ఉన్నావు అన్నట్టు.
ఇంగ్లీషు ఈ తలుపు దగ్గరగా వేసి
గడియ పెట్టకుండా వెళ్లిపోయింది.
మన భాషేమో డెనీస్‌లా నిలదీస్తుంది:
కలిపావా, కలపలేదా?

చేపల కొట్టు దాకా అదే గొణుక్కుంటూ నడిచాను.
మేము. మనం. మేము.
వెనిగరు వాసనలో, నా వంతు కోసం నిలబడి,
రెండూ వదిలేసి అన్నాను.

పోటు దిగేదాకా అక్కడే నిలబడ్డాం.

కర్త లేదు. క్రియ ఉంది.
వాక్యం పడిపోలేదు.
కౌంటరు వెనక కుర్రాడు
“ఉప్పు వేయనా?” అని రెండుసార్లు అడిగాడట.

ఎవరినీ చూపించను.
వాళ్లు నిలబడ్డచోట కెమెరా నిలబడుతుంది,
పిల్లల ఎత్తులో.
ఎదుట వెనక్కి జారుతున్న బూడిదరంగు నీళ్లు,
ఆవల స్కాట్లాండ్ కొండలు,
అంచుల్లోంచి లోపలికొచ్చే ఊపిరి ఆవిర్లు.
ఎన్నని?
గాలి కలిపేస్తుంది.

“నలుగురినీ పిలిపించు,” అన్నాను ఫోనులో.
“ఎవరూ కనబడరు.”
“కనబడని పిల్లకి కారెందుకు?”
“ఊపిరి కావాలి.”
అవతల చాలాసేపు కీబోర్డు చప్పుడు.

ఫెర్గస్ ఒప్పుకోకపోవచ్చు.
రేపు ఎండ కాస్తే ఆవిరే రాకపోవచ్చు.

రాత్రి పదకొండింటికి కాల్‌షీట్ పంపింది, సరిచూడమని.
మొదటి మూడు పేర్లూ సరిగ్గానే ఉన్నాయి.
నాలుగో వరసలో, పాత్ర పేరు దగ్గర, ఎర్ర చుక్క:
తప్పనిసరిగా నింపాలట.
నవల మొదటినుంచీ తిరగేశాను.
ఆ పిల్లని ఎవరూ
ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు.