ఇరవై ఆరు సెంట్లు

కాకినాడ ట్రైనింగులో ఆఖరి రోజు
మెత్తటి గొంతాయనొకరు తలా ఒక అట్టముక్క పంచారు.
పొద్దున్నే అద్దంలో చూసుకుని పైకి చదవమన్నారు.

నేను సమర్థురాలిని.
నేను దేనికీ భయపడను.
ఈ రోజు నాది.

మా ఇంట్లో అద్దం వంటగది గోడకే ఉంది.
నేను సమర్థురాలిని అంటూంటే
వెనక చింతపండు పిసుకుతూ అమ్మ
"ఎవరితోనే?" అంది.

అందుకని పంటు మీద చదువుకునేదాన్ని.
ఇంజను మోతలో ఎవరికీ వినబడదు.
అరటిగెలల ఆటోకీ పాలక్యాన్ల బండికీ మధ్య
స్కూటీ అద్దం నా వైపు వంచుకుని
ఈ రేవు నుంచి ఆ రేవుకి
మూడు వాక్యాలు, పదకొండు సార్లు.

లంకలో దిగగానే
"సర్వేయరు గారు రాలేదా అమ్మాయ్?"
నన్నే అడుగుతారు,
నా భుజం మీది రోవరు కడ్డీని చూస్తూనే.
ఆ తర్వాత, "ఎవరి తాలూకు?"
మోషే గారి ఎస్తేరుని అంటే
ఇంక రెండో ప్రశ్న అక్కర్లేదు వాళ్ళకి.
ఎండన పడొచ్చావంటూ మంచినీళ్ళిస్తారు,
కాగితం గ్లాసులో.

దీనికి అట్టముక్క మీద వాక్యం లేదు.

భయపడనని పదకొండు సార్లు అన్న రోజునే
బుడ్డిగ సూరయ్య గారి కొబ్బరితోటలో
హద్దురాయి రెండు లింకులు తూర్పుకి పాతించాను.
ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు.
రాత్రి లెక్క మళ్ళీ వేస్తే తెలిసింది.
పక్క మీద అటూ ఇటూ దొర్లాను,
రెండు లింకులు ఇటు, రెండు లింకులు అటు.

తెల్లారి మొదటి పంటుకే వెళ్ళి
"నిన్న తప్పు కొలిచాను. ఇవాళ మళ్ళీ కొలుస్తాను" అన్నాను.
ఆయన అరగంట తిట్టాడు.
ప్రభుత్వాన్ని, చదువుల్ని, నన్ను,
మధ్యలో ఎందుకో వాళ్ళ అల్లుణ్ణి కూడా.
తిట్టడం అయ్యాక లుంగీ ఎగ్గట్టి
టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం పంటు మీద
నోటికొచ్చిన మాట అదొక్కటే.
తప్పయితే మళ్ళీ కొలుస్తాను.
ఇంజను ఆగిపోయినా అంటూనే ఉన్నాను.
టికెట్లు కోసే కుర్రాడు
నా వైపు ఓసారి చూసి చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

శ్రావణంలో వరద తీశాక
ఇసుకపట్ల పల్లాలమ్మ గారి చేను.
కాగితంలో ఎకరం పది సెంట్లు.
గట్టు మీద నిలబడితే కాళ్ళ కింద మట్టి
బెల్లప్పచ్చులా విరిగి నీళ్ళలో పడుతోంది.
రోవరు కూత వేసింది, ఫిక్స్ పడింది.
ఇంకోసారి చూశాను.
చీర చెంగు నడుముకి దోపుకుని ఆవిడ
"నా మూలరాయేదమ్మా?" అంది.

చెయ్యి చాపాను.
అక్కడ, వల విసిరే పడవకి ఇవతలగా,
నీళ్ళు కాస్త సుడి తిరుగుతున్న చోట.
"ఇరవై ఆరు సెంట్లు గోదాట్లో ఉంది పల్లాలమ్మ గారూ."

నా గొంతు వణకలేదని చెప్పను.
వణికింది. అంకె వణకలేదు.

ఆవిడ చాలాసేపు ఆ సుడినే చూసింది.
అక్కడ మినుములు వేసేవాళ్ళట,
పెద్దాడు పుట్టిన ఏడు పుట్టెడు పండాయట.
"ఖాయమేనా?"
"రెండుసార్లు చూశానండి."
"కావాలంటే ఇంకోసారి చూస్తాను."

"వద్దు" అంది.
"రాయి."
ఏ రాయో అర్థంకాక నీళ్ళకేసి చూశాను.
"కాగితం మీద రాయి తల్లీ. నా పేరు తప్పు లేకుండా రాయి.
పాత కాగితాల్లో అంతా పల్లమ్మ అనే రాశారు."

ఒక్కో అక్షరం పైకి చదువుతూ రాశాను.

అట్టముక్క ఇప్పుడు ఫీల్డు పుస్తకంలో పేజీ గుర్తు.
దాని వెనక పెన్సిలుతో ఏవో కూడికలు, ఒక ఫోను నంబరు.
పొద్దున అద్దం ముందు జడ వేసుకుంటూంటే
"ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడట్లేదేమే?" అంటోంది అమ్మ.

మొదటి పంటు ఆరుంబావుకి.