సమాన వాటా

అబరిస్ట్‌విత్‌లో వాన. లాండ్రీ షట్టర్ దించి
వెనక గదిలో లాప్‌టాప్ తెరిచాను.
నా రాజు కదూగన్‌కి అరవై ఒకటి, పైగా దగ్గు.
ముగ్గురు కొడుకులు. చట్టమేమో
అందరికీ సమాన వాటా అంటుంది:
నలభై ఏళ్ళు నేను గజం గజం కలిపిన నేలను
పాడె లేవకముందే మూడు ముక్కలు చేస్తుంది.

నడిపివాణ్ణి మఠంలో వేశాను.
గుండు గీస్తుంటే వాడేమీ అనలేదు,
అనడానికి వాడికి బటన్ లేదు.
చిన్నవాడు ఇథెల్. కుంటికాలు.
సేనకు ముందు నిలబెట్టాను.
బాణం నా మాట విన్నది.

ఇదంతా పెద్దవాడి కోసమే కదా!
వాడు అడవిపందిని తరుముతూ
గుర్రం మీంచి పడ్డాడు.
ఆ చలికాలమే రాజూ పోయాడు.
నా టీ మీద మీగడ కట్టింది.

'వారసురాలు: నెస్ట్' అంది తెర.
ఎవరీమె?
ఎప్పుడో రెండు ఉప్పు గనుల కోసం
ఓ ముసలి ప్రభువుకి కట్టబెట్టిన కూతురు.
ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆమె పేజీ తెరవలేదు.
ఆట నియమం ప్రకారం
ఇకనుంచి ఆమే నేను.

గుణాలు చదివాను: ఓర్పు, లెక్కల నేర్పు,
తండ్రి మీద అభిప్రాయం మైనస్ నలభై.
అంటే, నా మీద నాకు.

సేవ్ చేయాలా అని అడుగుతోంది ఆట.