ఇరవై లెక్కపెట్టే లోపు

ఉరవకొండ బస్టాండు వెనక, మేడ మీద
మూడు కుర్చీల ఆస్పత్రి మాది.
మూడంటే, రెండు కాచుకోడానికి.
పడుకోబెట్టేది ఒకటే.

ఈ పొద్దు అందులో వన్నూరప్ప.
బోరు లారీ మీద పద్నాలుగేండ్లు.
ఎనిమిది నూర్ల అడుగులు దించినా
దుమ్మే లేచిన ఊర్లన్నీ ఆయనకు నోటికొచ్చు.
నీళ్ళు పడిన ఊరొకటి, పుట్టినూరు,
చిన్నప్పుడే పండ్ల మీద సంతకం పెట్టింది:
పసుపు, ఇటుకరంగు, మాడిన రొట్టె అంచు.

డాక్టరమ్మ మరకను గీరి తీసింది.
ఆవగింజంత ముద్ద నేను అందించినా.
నీలి దీపం నొక్కి
ఒకటి, రెండు, మూడు...
ఇరవై దాకా లెక్క నాదే.
పదహారుకే తీసేస్తే
లోపల ఉడకని మెతుకు మిగులుతాదంట.

నోట్లో దూది తీసినంక ఆయన గొంతు తెలిసింది.
"ఇది ఎంగిట్లో నానితే ఏమన్నా దిగుతాదా మేడమ్?
నేలను నమ్మి తాగినందుకే కదా ఇట్లయింది."

డాక్టరమ్మ దాచలేదు.
"దిగుతాది. మొదటి దినం కొంచెం ఎక్కువ,
ఆమీదట శానా తక్కువ.
గాలి తగిలిన పైపొర గట్టిపడదు, జిగురుగా ఉంటాది.
దాన్ని తుడిచేస్తాం. పుక్కిలించి ఉమ్మేయప్పా, మింగొద్దు.
తెలిసినంత వరకు భయం లేదు.
తెలియాల్సింది ఇంకా ఉంది."

ఆ చివరి మాట
నేను కూడా వినడం ఇదే మొదలు.

మూడుసార్లు పుక్కిలించినాడు.
నాలుగోసారి ఎవరూ చెప్పలేదు.
అద్దమిస్తే నవ్వలేదు,
కరెంటు పోయిన కొత్తింట్లో గోడ తడిమినట్టు
నాలుకతో తడుముకున్నాడు.

చీటీ మడిచి జేబులో పెట్టుకుంటా
నా చేతులు చూసినాడు.
బొటనవేలు, చూపుడువేలు కొసలు
గ్లౌజు లోపలే పగిలినాయి.
సబ్బనుకుంటా. చలికాలమనుకుంటా,
ఏప్రిల్లో కూడా.

"నాకు ఒక దినం పాపా.
నీకు దినానికి ఎన్ని పండ్లు?"
జవాబు కోసం ఆగలేదు.
"మా లారీ కాడ కూడా అంతే.
దుమ్ము ఓనరు మీద పడదు,
రాడ్డు పట్టుకున్నోని మీదే."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.
తరవాతి పేరు పిలవాల.
పిలవకుండా, గ్లౌజు ఊడదీసి
వేళ్ళు డాక్టరమ్మ ముందు పెట్టినా.

నీలి దీపం పక్కకు నెట్టి
కిటికీ ఎండలోకి లాగి చూసింది.
"ఎన్ని నెలల నుంచి?"

లెక్కపెట్టినా, అలవాటుగా, నెమ్మదిగా.
ఇరవై దాటినాయి.