రుచి చెప్పండి

బొబ్బిలి గ్రోత్ సెంటర్లో మా బీరు ఫ్యాక్టరీ.
గేటు దాటినా వదలదు
ఉడికిన గంజి వాసన.
దాన్ని కట్టుకునే సాయంత్రం బస్సెక్కుతాను.
పక్క సీటావిడ కాస్త కిటికీ వైపు జరుగుతుంది.

ఈ వేసవికి కంపెనీకొక ఆలోచన వచ్చింది,
కొత్త బీరు ఎలా ఉండాలో తాగేవాళ్లనే అడుగుదామని.
రాజాం, నెల్లిమర్ల, సాలూరు, గజపతినగరం,
దుకాణానికొక రేకు పెట్టె, తాడుకి కట్టిన పెన్ను.
"రుచి చెప్పండి. నచ్చితే సీసా మీద మీ పేరు."
మూడో రోజుకి తాళ్లు మిగిలాయి.

చీటీలు విడదీసే పని నాకిచ్చారు.
మైక్రోస్కోపు కింద ఈస్టు లెక్కపెడుతుంది కదా,
చిన్నచిన్నవి ఈవిడకి కనిపిస్తాయిలే అనుకున్నారు.

"సోడంబలి పులిసినట్టుండాల. అంతకంటే ఏటొద్దు."
"జీడిమామిడి పండు కొరికితే గొంతు పట్టేస్తాది సూడు, అలగ."
"ముందు మీ ఫ్రిజ్జు బాగుసెయ్యండి."
"రేటు తగ్గిస్తే అదే రుచి."
పేరుకి బదులు లారీ నెంబరు రాసినాయన:
"గాటీ దిగి బండాపేసినా ముక్కులో బ్రేకుల కంపు పోదు.
దాన్ని కడిగీసేదేదైనా సెయ్యండి."
ఒకదాని మీద అక్షరమే లేదు,
సీసా అడుగు పెట్టి తీసిన
గుండ్రటి తడి.

ఇంకొకటి, నోటుబుక్కు కాగితం, కుదురైన రాత:
"నచ్చితే పేరేస్తామన్నారంట.
నా పేరు ఇత్తడి బిందె మీదుండీది, మాయమ్మ కొట్టించింది.
ఆ బిందె ఇప్పుడు మీ సీసాల్లోనే ఉంది.
ఎతుక్కోండి. మజ్జి అసిరితల్లి."

తీపి, పులుపు, చేదు, ఇతరములు.
నా ఫారంలో గళ్లు నాలుగే.
ఆ కాగితం చాలాసేపు చేతిలోనే ఉంది.

గొల్లపల్లి నుంచి చీటీతో పాటు పొట్లం వచ్చింది.
విప్పితే పసుప్పచ్చటి పనస పొట్టు.
వీణ కుండ తొలుస్తుంటే ఉలి కింద రాలినది.
"ముప్పయ్యేళ్లుగా నా సేతులకి ఈ వాసనే.
మీ దాన్లో ఏస్తే ఏటవుతాదో సూడండి. తవిటిరాజు."

ఎవరూ చెయ్యమనలేదు. చేశాను.
పొట్టు ఆవిరి పట్టి, ఇరవై లీటర్ల డబ్బాలో వేసి
పదకొండు రోజులు ఊరబెట్టాను.
మొదట చేదు, తర్వాత ఏమీ లేదు,
మింగేశాక, నోరు మూసుకున్నాక
తేనెపట్టు ఎక్కడో దూరంగా కదిలినట్టు.

తవిటిరాజుని పిలిపించాను.
గేటు దగ్గర కుళాయి కింద చేతులు కడుక్కుని వచ్చాడు,
ఏ వేళ్లతో రుచి చూస్తాడో అన్నట్టు.
ఒక గుక్క. పైకప్పు వైపు చూశాడు.
"పచ్చిగుందమ్మా. సెక్క ఎండనేదు.
మేం ఏడాది ఎండబెడతాం, తొందరపడితే సుతి నిలవదు."

కంపెనీకున్న గడువు మే పదో తారీకు.

విశాఖపట్నంలో మీటింగు జరిగింది.
మామిడి అన్నారు.
మామిడి ఎసెన్సు డబ్బాలు మా స్టోర్లోకి
ఫిబ్రవరిలోనే వచ్చాయి, పెట్టెలకింకా రంగు వెయ్యకముందే.
మొత్తం చీటీల్లో మామిడి మాట ఎత్తినవాళ్లు నలుగురు.
అందులో ఒకరు
మామిడి మాత్రం వద్దన్నారు.

సీసా మీద అచ్చు పడింది: "మీరు చెప్పిన రుచి."

చల్లగదిలో వెనక వరస, కింది అర,
నా డబ్బా అక్కడే ఉంది.
దాని మీద చీటీ ఉండాలి, రూలు:
బ్యాచి, తేదీ, పేరు.
తవిటిరాజు అని రాస్తే
సెక్క ఎండనేదని కోప్పడతాడు.
అసిరితల్లి అని రాయబోయి ఆగాను.
ఆ పేరుకి బిందె ఉంది,
ఎక్కడుందో గాని.

చివరికి ఆ గుండ్రటి తడి చీటీ అంటించాను.
తడి ఎప్పుడో ఆరిపోయింది.
గీత ఉంది.